ఎడమ పక్క తలుపు

సుగుణ తెల్లవారకముందే లేచేది. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేసి, ఆ తర్వాతే కారు మీది గోనెపట్టా తీసేది. తీసిన ప్రతిసారీ జబ్బు మనిషి మీది దుప్పటి తీసినట్టే ఉండేది ఆమెకు.

సూర్యాపేటలో ఆ వాడ మొత్తానికి కారున్న ఇల్లు అదొక్కటే. కలిగినవాళ్ళ కారు కాదు, కిరాయి బండి. సుగుణ మగడు సైదయ్య వేలంలో పాడుకున్న పాత ఫోర్డు. చుట్టుపక్కల పెళ్ళికొడుకులు దాంట్లోనే ఊరేగారు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు దాంట్లోనే దవాఖానకు పోయారు. సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి మిర్యాలగూడకు దుమ్ము రేపుకుంటూ తిరిగినప్పుడు దాని రంగు నిగనిగలాడే నేరేడుపండు రంగు. ఇప్పుడు ఎండిన బర్రెతోలు రంగు. వేలితో రాస్తే సుద్దలాంటి పొడి అంటుకునేది.

నైజాం రాజ్యం పోయి మిలిట్రీ వచ్చిన ఏడు, చలికాలంలో, కోదాడ తోవలో బండ్లను ఆపి తనిఖీ చేసే నాకా దగ్గర సైదయ్యను పట్టుకున్నారు. వెనక సీటు కింద చెక్కపెట్టెలో పెట్రోలు డబ్బాలు దొరికాయి. కూపన్ల మీద తప్ప పెట్రోలు దొరకని కాలం. ఇంత దాచాడంటే అడవిలో ఉన్న దళంవాళ్ళకే అన్నారు. సైదయ్య జైలుకు పోయాడు. కారు నాకా పక్కన బీడులో ఎండాకాలమంతా ఎండి, వానాకాలమంతా నాని, బతుకమ్మ పండుగ దాటాక ఇంటికి చేరింది. సైదయ్య చేరలేదు.

బండి నడపడానికి ఒక డ్రైవరు ఒప్పుకున్నాడు గానీ, కారును చూసి పెదవి విరిచాడు. "దీని మొగం సూస్తే పెండ్లోళ్ళు ఎక్కుతరా? ముందు దీన్ని మనిషిని చెయ్యి, అక్కా."

అట్లా సుగుణ పాలిషు పనికి దిగింది. గిన్నెలు తోమడం తప్ప ఆమెకు వేరే తోముడు తెలియదు. చింతపండు, బూడిద కలిపి వెనక మడ్‌గార్డును ఇత్తడి బిందెను తోమినట్టు తోమింది. ఎండలో చూస్తే సన్నగీతలు, పిల్లి గీరినట్టు.

"అయ్యో, అయ్యో!" అన్నాడు సాయంత్రం ఆ దారిన వచ్చిన యాకోబు. "ఇది రంగు, సెల్లె. బిందె గాదు. దీనికి తోలు ఒక్కటే ఉంటది."

యాకోబుది మిర్యాలగూడ. అక్కడి పాదిరీల మిషను బంగళాలో బల్లలకు, బీరువాలకు పాలిషు పెట్టే వడ్రంగి. సూర్యాపేటలో పని దొరికితే బస్సెక్కి వచ్చేవాడు. సైదయ్యకు దోస్తు. ఎవరూ పిలవకుండానే, తెల్లారి ఒక సంచితో మళ్ళీ వచ్చాడు. సంచిలో పాత మెత్తని ధోవతి ముక్కలు, జల్లించిన సుద్దపొడి, కొంచెం కిరసనాయిలు, ఒక తేనెమైనం ముద్ద.

సుగుణ అతణ్ణి కూర్చోమన్నది గానీ, మంచినీళ్ళు ఇవ్వడానికి లోపలికి పోలేదు. కారు దగ్గర అతణ్ణి ఒక్కణ్ణే వదలడం ఆమెకు ఇష్టం లేదు. ఎందుకంటే సీటు కింద ఆ చెక్కపెట్టె చేసింది యాకోబే. పెట్టె సంగతి ఇంట్లోవాళ్ళు కాక తెలిసినవాడు అతనొక్కడే.

నాకా సిపాయి ఒకడు కల్లు కాంపౌండులో తాగి అన్నాడట. "మాకేం తెలుసు సీటు కింద ఉన్నదని? కారు కాడికొచ్చి సూపిస్తే తీసినం." ఆ మాట కోదాడ నుంచి సూర్యాపేట దాకా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి వాడంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. మిషను బంగళాలో మిలిట్రీ ఆఫీసర్లు దిగుతారు. వాళ్ళ కుర్చీలకు పాలిషు పెట్టేది యాకోబు. ఇంకేం కావాలి?

పాత కార్ల రంగు సంగతి అందరికీ ఎరుకే. ఎండకు చచ్చిన పైపొరను రుద్ది తీస్తే నిగారింపు వస్తుంది, దాంతోపాటు ఆ కారు ఎదుట గడిచిన రోజులూ తేలతాయి. ముందు ఈమధ్యవి, ఇంకా రుద్దితే అంతకు ముందువి. మైనం పట్టిస్తే ఎక్కడి రోజు అక్కడ ఆగుతుంది. మిర్యాలగూడలో రైసుమిల్లు షావుకారు తన కారుకు పాలిషు పెట్టిస్తుంటే, కాలం చేసిన భార్య బానెట్టులో మిర్చి ఎండబోస్తూ తేలింది. ఆయన పని ఆపించి అప్పటికప్పుడు మైనం పూయించుకున్నాడు. ఇప్పటికీ పొద్దున కాఫీ అక్కడే నిలబడి తాగుతాడని చెప్పుకుంటారు.

అందుకే సుగుణ పాలిషు మొదలుపెట్టిందని తెలియగానే వాడలో వాళ్ళు ఏదో ఒక పని మీద ఆ వాకిలి ముందు నుంచే నడిచేవాళ్ళు. "యాడిదాకా వచ్చింది, సుగుణా?" అని అడిగేవాళ్ళు. ఏ తలుపు అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. సీటు కింది పెట్టె ఎడమ పక్కకు తెరుచుకుంటుంది. చూపించినవాడు ఎడమ తలుపు ముందే నిలబడి ఉండాలి.

"ముందు నీళ్ళు," అన్నాడు యాకోబు. "దుమ్ము మీద పొడిబట్ట పెడితివా, ఆ దుమ్మే గీరుతది. నీళ్ళు పోసి కడుగు, నీడకు తోసి ఆరబెట్టు. రేకు చల్లగుండాలె. అరచెయ్యంత జాగా పట్టు, అది అయినంక ఇంకో అరచెయ్యంత. గట్టిగ వత్తకు. అంచుల కాడ అసలే వత్తకు, గాడ రంగు పలుచగుంటది."

సుగుణ బానెట్టు మీద మొదలుపెట్టింది. కొంచెం రుద్ది బట్ట తిప్పి చూసి ఉలిక్కిపడింది. బట్ట నిండా నేరేడుపండు రంగు.

"అన్నా, రంగు పోతున్నది!"

"పోతది. సచ్చిన రంగు పోతేనే బతికినది వస్తది."

"మరి బతికినది గూడ పోతే?"

"అందుకే సూసుకుంట రుద్దాలె." అతను నవ్వాడు.

ఆ నవ్వు సుగుణకు నచ్చలేదు. ఇంత శ్రద్ధగా నేర్పుతున్నది ఎందుకు? సైదయ్య పట్టుబడ్డ రోజు తేలకముందే రంగంతా బట్టకు ఎక్కించి, రేకు మిగల్చడానికా? అతను పోయాక సుద్దపొడిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఇసుక ఏమన్నా కలిపాడేమోనని నాలుక మీద పెట్టుకుని చూసింది. మామూలు సుద్దే.

కానీ బానెట్టు మెరిసింది. ముందు దాంట్లో నాకా బీడు తేలింది. వాన, ముసురు, నీళ్ళలో నిలబడ్డ కుక్క. ఇంకా రుద్దితే కారు నీడలో పడుకున్న సిపాయి, రేడియేటరు మీద ఆరేసిన లాగులు. ఒక మేక బానెట్టెక్కి సరాసరి సుగుణ మొహంలోకి చూసింది. సుగుణకు నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వింది.

అత్త కాటమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒక కన్ను చేట మీద, ఒక కన్ను కోడలి చేతి మీద పెట్టేది. సుగుణ ఎడమ పక్కకు జరిగితే చాలు, ఆమెకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. "బిడ్డా, బర్రెకు కుడితి పెట్టినవా?" "సుగుణా, పొయ్యి ఆరుతున్నది." ఒకసారి సూటిగానే అంది. "గా పక్కది ఎందుకే? జనాలకు కనపడేది కుడి పక్కనే గద. డ్రైవరు కూసునేది ఆడ్నే."

ముసలామె భయం తనకు అర్థమైందనే అనుకుంది సుగుణ. ఆ రోజు కారులో కాటమ్మ కూడా ఉంది. కోదాడలో చెల్లెలింటికి పోతూ కొడుకు పట్టుబడటం కళ్ళారా చూసింది. పెట్టె ఎవరు చూపించారని అడిగితే, గాభరాలో ఏమీ గమనించలేదనేది. మళ్ళీ చూడాలని ఏ తల్లికి ఉంటుంది?

ఎడమ తలుపు మీద చేయి వేయడానికి ముందే ఒక కోడెల బేరగాడు వచ్చాడు. కోడెల సంగతి ఒక్క ముక్క మాట్లాడి, ఆ తర్వాత కారు చుట్టూ తిరిగాడు. అతని నడకలో బేరగాడి తీరిక లేదు.

"నా పేరు రాందాసు, అక్కా. సైదన్న కారు ఆ దినం సాయంత్రం మిర్యాలగూడ తోవల ఇద్దరిని ఎక్కించుకునేది ఉండె. దాంట్ల ఒకడు మా తమ్ముడు. కారు రాలె. నడిసి పోయిన్రు. కాలువ కట్ట మీద కాల్చిన్రు."

అరుగు మీద చేట చప్పుడు ఆగింది.

"పెట్టె సూపిచ్చినోడే మా తమ్ముని సంపినోడు. అందరు యాకోబు అంటున్నరు. మా దళమోళ్ళు ఇగ ఆగేది లేదంటున్నరు. నేనే జర ఆగుమన్న. తలుపు ఏమంటదో సూద్దామన్న. అంగడి నాటికి వస్త. అప్పటికి తేలకుంటే, ఇగ తేలుసుడు మా పని."

అతను పోయాక సుగుణ చాలాసేపు అక్కడే నిలబడింది. అనుమానం పడటం వేరు, ఆ అనుమానం కట్టె పట్టుకుని వాకిట్లోకి రావడం వేరు. మర్నాడు యాకోబు వస్తే ఏమీ తెలియనట్టే ఉండాలనుకుంది. కానీ అతనే అన్నాడు, బట్ట మడత పెడుతూ.

"నా మీద అనుమానం ఉన్నదని నాకు ఎరుకే, సెల్లె. నీకు గూడ ఉన్నది. నీళ్ళియ్యకుంట నిలబడ్డనాడే తెల్సింది. గా తలుపు తేలితే అందరికంటె ముందు నాకే మంచిది. అందుకే నేను చెయ్యి పెడుతలేను. నువ్వే రుద్దు. నేను రుద్దితే ఏమన్న చేసిండంటరు."

సుగుణకు ఆ మాట నిజమనిపించింది. నిజంలాగా చెప్పడం తెలిసినవాడు కూడా ఇట్లాగే చెబుతాడు గదా అని కూడా అనిపించింది. ఆ రోజు మాత్రం లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

అంగడికి ముందురోజు ఎడమ తలుపు ముందు పీట వేసుకుని కూర్చుంది. అత్త పిలిచింది, పలకలేదు. అరచెయ్యంత జాగా, పక్కన ఇంకో అరచెయ్యంత. వానలు పోయాయి. ఎండలు వచ్చాయి. బీడు మీది పచ్చగడ్డి ఎర్రబడి, మళ్ళీ పచ్చబడింది. సిపాయిలు ఉన్నిబట్టల్లోకి మారారు. బట్ట మీదికి రంగు దిగుతూనే ఉంది. అంచు దగ్గర పలచబడి లోపలి ఎర్రమట్టి రంగు తొంగి చూసింది. చేయి తేలిక చేసి, గాలి ఊదినట్టు రుద్దింది.

నాకా గుంజ తేలింది. దాని ముందు సైదయ్య.

సుగుణ చేయి ఆగిపోయింది. అతను తలపాగా సర్దుకుంటూ, సిపాయితో ఏదో నవ్వుతూ మాట్లాడుతూ, పేరు రాయించడానికి గుడిసెలోకి పోయాడు. అతను పోగానే కారులోంచి కాటమ్మ దిగింది. అటూ ఇటూ చూసింది. జమేదారును దగ్గరికి పిలిచింది. అతని రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. తర్వాత తలుపు తెరిచి, సీటు మీద అరచేత్తో కొట్టి చూపించింది.

యాకోబు లేడు. వేరే ఎవరూ లేరు.

డబ్బాలు బయటపడ్డాయి. సైదయ్యను గుంజుకుపోతుంటే కాటమ్మ ఏడ్వలేదు. ఫుట్‌బోర్డు మీద కూలబడి, రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టింది.

సుగుణ వెనక్కి తిరిగేసరికి అత్త అరుగు దిగి నిలబడి ఉంది.

"నువ్వా?" అంది సుగుణ. "కన్నకొడుకును?"

"పెట్రోలుకైతే జైల్ల ఏస్తరు." కాటమ్మ మెల్లగా అంది. "గా తోవల పోతే కాలుస్తరు. సాయంత్రం మనుషులను ఎక్కించుకొని పోతనని వాడు ఎవనితోనో అంటుంటె విన్న. కాళ్ళు మొక్కిన, ఇనలె. జైలయితే వారం పది దినాలనుకున్న, బిడ్డా. ఇన్ని దినాలు ఉంచుతరని నాకేం ఎరుక?"

"ఊరంత యాకోబన్నను అంటుంటె విన్నవు. నేను అంటుంటె విన్నవు. ఒక్కమాట అనకపోతివి."

కాటమ్మ కొంగుతో నోరు మూసుకుంది. "రుద్దెయ్యి," అంది. "గా దినం పోయేదాక రుద్దెయ్యి."

"రుద్దితే యాకోబన్న పోతడు."

"రుద్దకుంటె నేను పోత."

ఆ రోజు ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకరు వండింది ఒకరు తినలేదు. సుగుణ తలుపు మీద తడిగోనె కప్పింది. ముసలిదాని మీద కోపం పొంగినప్పుడల్లా, కాలువ కట్ట గుర్తొచ్చేది. కారు ఆ తోవన పోయి ఉంటే అక్కడ పడి ఉండేవాళ్ళలో ఎవరెవరు ఉండేవాళ్ళో, తన నొసటి బొట్టు ఏమయ్యేదో తలచుకునేది. అంతలోనే రాందాసు తమ్ముడు గుర్తొచ్చేవాడు. అతని మొహం ఆమె ఎన్నడూ చూడలేదు.

అంగడినాడు ఎండ ముదరకముందే రాందాసు వచ్చాడు. బజారుకు పోయే బండ్ల చప్పుడులో అతను వచ్చింది ఎవరూ గమనించలేదు.

"తేలిందా?"

సుగుణ గోనె వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. "ఇంక లేదు. కష్టమైన పని."

"బట్ట కప్పినవ్."

"ఎండ తగులుతదని."

రాందాసు ఆమె చేతుల వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో నేరేడు రంగు. "సరే, అక్కా," అన్నాడు. "మా పని మేం చూసుకుంటం. ఇయ్యాల యాకోబు బస్సు దిగేది మాకు ఎరుకే."

అతను వెనుదిరిగాడు. యాకోబు కాదంటే మరెవరని అడుగుతాడని, సుగుణ రెండడుగులు వేసి ఆగింది. అప్పుడు కాటమ్మ అరుగు దిగింది. ఆయాసపడుతూ నడిచి వచ్చి, గోనె పట్టుకుని లాగి కింద పడేసింది.

"సూడు, నాయనా," అంది.

రాందాసు తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. తలుపులో సైదయ్య తలపాగా సర్దుకున్నాడు, గుడిసెలోకి పోయాడు. కాటమ్మ దిగింది. జమేదారు చేతులు పట్టుకుంది. సీటు మీద కొట్టింది. ఆకాశానికి దండం పెట్టింది. మళ్ళీ సైదయ్య తలపాగా సర్దుకున్నాడు. రాందాసు మొత్తం చూసి, మళ్ళీ మొదటి నుంచి చూశాడు. అతని చేయి ధోవతి మడతలోకి పోవడం సుగుణ చూసింది. అత్తకూ అతనికీ నడుమకు పోయి నిలబడాలనుకుంది.

"ఎందుకు సూపిచ్చినవ్?" రాందాసు తలెత్తకుండా అడిగాడు.

"నాకు ఒక్కడే కొడుకు."

"మా అమ్మకు ఇద్దరం. ఇప్పుడు ఒక్కణ్ణి."

"ఎరుకే, నాయనా. నువ్వు మొన్న చెప్పినప్పుడు విన్న. నీ తమ్ముడు నా లెక్కల లేడు. నా కొడుకే ఉండె." ముసలామె కళ్ళు తుడుచుకోలేదు. "నన్నేం చేసినా సరే. గా వడ్రంగాయనను ఏమనకున్రి."

బజారు వైపు బండ్లు పోతూనే ఉన్నాయి. రాందాసు చేయి ధోవతి మడతలోంచి ఖాళీగా బయటికి వచ్చింది. తలుపులో దండం పెడుతున్న ముసలిదాని మీద వేలు పెట్టాడు. చల్లగా తగిలిందేమో, వెంటనే తీసుకున్నాడు.

"ఆ సాయంత్రం వాడు పోతుంటె మా అమ్మ సద్ది కట్టిచ్చింది," అన్నాడు. "తోవల మిలిట్రీ ఉన్నదని ఆమెకు తెల్వలె. తెలిస్తె మా అమ్మ గూడ గిట్లనే చేస్తుండె."

లేచి దుమ్ము దులుపుకున్నాడు. "యాకోబు కాదని చెప్త. ఎవరంటే, మొగం సరిగ తేలలేదని చెప్త. కని వేరేవోడు వచ్చి సూస్తే నా చేతుల లేదు. రుద్దెయ్యి, అక్కా."

అతను బజారు జనంలో కలిసిపోయాడు. మళ్ళీ ఎన్నడూ ఆ వాకిట్లోకి రాలేదు.

సుగుణ అప్పుడే పీట వేసుకుంది. అత్త వైపు చూడలేదు. సుద్దపొడి తడిపి, చేయి తేలిగ్గా పెట్టి, ఆ రోజు మీదుగా రుద్దింది. జమేదారు పోయాడు. నాకా గుంజ పోయింది. ఇంకో పొర దిగితే రేకే అనుకుంటుండగా, అదే రోజు పొద్దుటి పూట తేలింది. తమ వాకిలి. సైదయ్య లుంగీ ఎగగట్టి, బకెట్టుతో కారు మీద నీళ్ళు చల్లుతున్నాడు. సుగుణ చేయి ఆపేసింది.

మధ్యాహ్నం యాకోబు బస్సు దిగి వచ్చాడు. తలుపును పక్క నుంచి, ఎదురు నుంచి చూశాడు. వేలితో అంచు తడిమి మొహం చిట్లించాడు. "ఇంత లోపలికి ఎందుకు పోయినవ్? జర అయితే రేకు వచ్చేది." తేలవలసిన రోజు రుద్దుడులోనే పోయిందని అతనికి అర్థమైనట్టుంది. సుగుణ మొహంలోకి చూశాడు.

"నువ్వు కాదన్నా," అంది సుగుణ. "అందరికి చెప్త."

"మరి ఎవరు?"

"నువ్వు కాదు."

యాకోబు మైనం ముద్దను గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించాడు. పొయ్యికి దూరంగా తెచ్చాక టర్పెంటాయిలు కలిపాడు. చల్లారి వెన్నలా అయ్యాక, పలచగా పూయడం, ఆరనిచ్చి మెత్తటి బట్టతో తుడవడం చూపించాడు. "మందంగ పూస్తే దుమ్ము పట్టుకుంటది. పలచగ పెట్టు, రెండుమార్లు పెట్టు. ఎండైన వానైన ముందు దీన్ని తినాలె, ఆనక రంగును." సైదయ్య చల్లే నీళ్ళు తలుపులో అట్లాగే ఆగి మెరిశాయి.

పెండ్లిళ్ళ కాలం వచ్చేసరికి కారు మళ్ళీ నిడమనూరు దాకా పెండ్లికొడుకులను మోసింది. తర్వాతి ఎండాకాలంలో సైదయ్యను వదిలేశారు. చిక్కిపోయి వచ్చాడు. కాళ్ళు కడుక్కొమ్మని తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కడుక్కోకుండా ముందు కారు చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద చేయి వేసి నిమిరాడు. మడ్‌గార్డు మీది గీతలు చూసి నవ్వాడు. ఎడమ తలుపు ముందు ఆగాడు.

తలుపులో తానే ఉన్నాడు. బలంగా, నిశ్చింతగా నీళ్ళు చల్లుకుంటున్నాడు.

"ఇది ఆ దినం పొద్దుగాల," అన్నాడు. "దీని మీద నాకా ఉండాలె గదనే. దాన్ని ఏం చేసినవ్?"

"ఎక్కువ రుద్దిన," అంది సుగుణ. "పని కొత్త గద. చెయ్యి ఆగలె."

సైదయ్య ఆమె మొహంలోకి చూశాడు. జైల్లో అతను నేర్చుకున్న చూపు అది, ఇంతకుముందు ఎన్నడూ లేదు. ఆ చూపు ఆమె మీది నుంచి గడప మీదికి పోయింది. గడపలో తల్లి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. చెంబులో నీళ్ళు అంచుకు తగిలి తొణుకుతున్నాయి.

"పోనీ," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. గడప దాకా పోయి తల్లి చేతిలోంచి చెంబు తీసుకున్నాడు.